పది రెట్ల పన్ను, పదకొండు నెలల ప్రవాసం

చీరాల-పేరాల ఉద్యమం ఇంటి పన్ను మీద పుట్టింది. పక్కపక్కనే ఉన్న ఈ రెండు ఊళ్లను కలిపి 1919లో మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. అంతవరకు ఏడాదికి 4,000 రూపాయలున్న స్థానిక పన్నుల మొత్తం దాంతో 40,000 రూపాయలకు చేరింది. జనం అర్జీలు పెట్టుకున్నారు, కౌన్సిలర్లు రాజీనామా చేశారు, పన్ను కట్టనివాళ్లు జైలుకు వెళ్లారు. చివరికి 1921 వేసవిలో ఊరికి ఊరే ఇళ్లు వదిలి, పొలిమేర దాటి పాకలు వేసుకుంది. సుమారు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా అలా కదిలిపోయారు. పదకొండు నెలలు ఆ పాకల్లోనే కాపురమున్నారు. సహాయ నిరాకరణ కాలంలో ఆంధ్రదేశం చూసిన పోరాటాల్లో ఒక పురపాలక పన్ను కోసం ఇంతమంది ఇంత కష్టపడిన సందర్భం మరొకటి లేదు.

యూనియన్ పోయి మున్సిపాలిటీ వచ్చింది

చీరాల నేడు బాపట్ల జిల్లాలో ఉంది. ఉద్యమం నాటికి గుంటూరు జిల్లాలో ఉండేది. 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం పెద్ద గ్రామాలను, చిన్న పట్టణాలను 'యూనియన్లు'గా ఏర్పాటు చేసే వీలు కల్పించింది. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి అలాంటి ఒక యూనియన్‌గా ఉండేవి. యూనియన్ ఇంటి పన్ను వసూలు చేసి ఆ డబ్బుతో వీధులు ఊడిపించేది, దీపాలు పెట్టించేది, బాటలు బాగు చేయించేది. పని తక్కువ, ఖర్చు తక్కువ, పన్నూ తక్కువే.

మున్సిపాలిటీ స్వరూపం వేరు. దానికి చైర్మన్ ఉండాలి, కార్యాలయం ఉండాలి, ఆరోగ్య, ఇంజనీరింగు సిబ్బంది ఉండాలి. వీటన్నిటికీ ఆదాయం ప్రధానంగా ఆ ఊరి ఇళ్ల మీద, స్థలాల మీద వేసే పన్నుల నుంచే రావాలి. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం ఆస్తి పన్నుకు వార్షిక అద్దె విలువను ఆధారంగా తీసుకుంది. ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా కట్టి, అందులో కొంత శాతం పన్నుగా నిర్ణయించడం ఈ పద్ధతి. ఇంటాయన దాన్ని అద్దెకిచ్చాడా, తానే ఉంటున్నాడా, అతని రాబడి ఎంత అన్న ప్రశ్నలకు ఈ లెక్కలో చోటు లేదు.

చీరాల సముద్రానికి దగ్గరగా, ఇసుక నేల మీద ఉన్న ఊరు. కొద్ది లోతులోనే నీళ్లు పడతాయి. మంచినీటికి, మురుగుకు పెద్ద ఖర్చు పెట్టాల్సిన అవసరం అక్కడి జనానికి కనిపించలేదు. తమకు లేని అవసరం కోసం తాము మోయలేని బరువు నెత్తిన పెడుతున్నారన్నది వాళ్ల ఆవేదన.

మగ్గం ఉన్న ఇంటికి పన్ను

పెరిగిన పన్నును సగటున తలకు పంచి చూస్తే ఆ బరువు తెలుస్తుంది. 15 వేల మంది మీద 4,000 రూపాయలంటే మనిషికి 4 అణాలకు కాస్త ఎక్కువ. అదే 40,000 అయితే 2 రూపాయల 10 అణాలు దాటుతుంది. ఐదుగురున్న ఇంటికి ఏడాదికి రూపాయి 5 అణాలు ఉన్నది 13 రూపాయల 5 అణాలవుతుంది. కూలి డబ్బులు అణాల్లో లెక్కపెట్టుకునే రోజులవి.

పైగా చీరాల నేతగాళ్ల ఊరు. తేలియా రుమాళ్లకు అది పుట్టినిల్లు. నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నూలును నానబెట్టి, చిటికి కట్టి, ఎరుపు, నలుపు రంగులద్ది నేసిన ఆ రుమాళ్లు సముద్రం దాటి అరబ్బు దేశాలకు వెళ్లేవి. నేతగాడికి ఇల్లే కార్ఖానా. గుంట మగ్గం ఇంట్లోనే ఉంటుంది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి, గట్టు మీద కూర్చుని అతను నాడె ఆడిస్తుంటే, ఇంట్లో ఆడవాళ్లు రాట్నం తిప్పి కండెలు చుడతారు, పిల్లలు చేతికి అంది సాయం చేస్తారు. పడుగు సాగదీసి గంజి పెట్టడానికి ఇంటి ముందు వీధి కావాలి. మగ్గానికి చోటు కావాలి కాబట్టే నేతగాడి ఇంటికి ఆ వైశాల్యం. ఆ కొలతను బట్టి ఇంటికి విలువ కడితే, పన్ను పడేది అతని కలిమి మీద కాదు, పనిముట్టు మీద. ఇంటి పన్ను పెరగడం అంటే చీరాలలో మగ్గం మీద పన్ను పెరగడమే.

అర్జీలు, రాజీనామాలు, జైలు

ప్రతిఘటన ఒక్కసారిగా ఊరు విడవడంతో మొదలు కాలేదు. మొదట జనం మర్యాదగా అర్జీలు పెట్టుకున్నారు. తమకు మున్సిపాలిటీ వద్దని, యూనియన్‌గానే ఉంచమని కోరారు. ప్రభుత్వం వినలేదు. ఆ తర్వాత ఎన్నికైన కౌన్సిలర్లు పదవులు వదులుకున్నారు. ఊరి ప్రతినిధులే లేని మున్సిపాలిటీని ప్రభుత్వం జీతమిచ్చి నియమించిన చైర్మన్ చేత నడిపించింది. అక్కడితో వివాదం మలుపు తిరిగింది. అంతవరకు 'ఎంత' అన్నది ప్రశ్న. ఇప్పుడు 'ఎవరు నిర్ణయించాలి' అన్నది కూడా ప్రశ్నే అయింది.

మద్రాసు రాష్ట్రంలో అప్పుడే ద్వంద్వ ప్రభుత్వం ఏర్పడింది. 1919 సంస్కరణల ప్రకారం స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రుల చేతికి వచ్చింది. 1920 డిసెంబరు నుంచి ఆ శాఖను జస్టిస్ పార్టీకి చెందిన పానగల్లు రాజా రామరాయణింగారు చూసేవారు. తెలుగువాడు మంత్రిగా ఉన్నా చీరాల మొర ఫలించలేదు.

1921 జనవరిలో పన్ను కట్టకూడదని ఊరు తీర్మానించుకుంది. పన్ను ఎగవేశారని పన్నెండు మంది మీద కేసులు పెట్టి జైలుశిక్ష వేశారు. వారిలో ఒక వృద్ధురాలు కూడా ఉంది. ఇంటి పన్ను కోసం ఒక ముసలావిడను జైలుకు పంపడం ఊరందరినీ కదిలించింది. అంతవరకు తటపటాయించినవారు కూడా ఉద్యమంలోకి వచ్చారు.

దుగ్గిరాల నాయకత్వం

ఈ దశలో ఉద్యమానికి నడక నేర్పినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. నందికేశ్వరుని 'అభినయ దర్పణం' గ్రంథాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ పుస్తకం 1917లో అచ్చయింది. స్వదేశానికి తిరిగి వచ్చాక కొంతకాలం అధ్యాపకుడిగా పనిచేసి, ఆ తర్వాత చీరాలను తన కార్యక్షేత్రం చేసుకున్నారు. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని నెలకొల్పారు.

ఆయన కట్టిన దళం పేరు 'రామదండు'. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టు ఈ స్వచ్ఛంద సేవకుల గుర్తులు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు వేలాది జనాన్ని అదుపులో ఉంచిన సేవాదళం ఇదే. పల్లె జనానికి చిన్నప్పటి నుంచి తెలిసిన రామకథలోని మాటలతోనే గోపాలకృష్ణయ్య ఉద్యమాన్ని నడిపారు. చట్టాల భాష అర్థం కానివారికి కూడా రామదండు, వనవాసం అనే మాటలు ఇట్టే అర్థమయ్యాయి.

గాంధీ చెప్పిన రెండు దారులు

బెజవాడ సమావేశాల తర్వాత 1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. ఊరివాళ్లు ఆయన సలహా అడిగారు. ఆయన రెండు దారులు చూపారు. శాంతంగా ఉంటూ పన్ను నిరాకరించి, జప్తులను, జైళ్లను భరించడం ఒకటి. మున్సిపాలిటీ సరిహద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. ఏ దారి పట్టినా బరువు తామే మోయాలని, హింసకు తావివ్వకూడదని ఆయన మాట.

రెండో దారిలో ఒక తర్కం ఉంది. మున్సిపాలిటీ నిలిచేది జనం మీద. జనమే లేకపోతే పన్ను వేసేది ఎవరి మీద, వీధులు ఊడ్చేది ఎవరి కోసం? ఆ తర్కం చీరాలవాళ్లకు నచ్చింది.

పాలకుల మీద నిరసనగా ఊరు విడిచిపోవడం ఈ దేశంలో రైతులకు, చేతిపనులవాళ్లకు పాత అలవాటే. ఇంటి పన్ను మీద సామూహిక నిరసన కూడా కొత్తది కాదు. 1810లో ఈస్టిండియా కంపెనీ ఇళ్ల మీద, దుకాణాల మీద పన్ను వేసినప్పుడు కాశీలో వేలాది మంది ఇళ్లకు తాళాలు వేసి, దుకాణాలు మూసి, ఆరుబయట ధర్నా కూర్చున్నారు. 1812లో కంపెనీ ఆ పన్నును రద్దు చేసింది. ఆ ఘట్టానికి సంబంధించిన ప్రభుత్వ పత్రాలను వెలికితీసి ధరంపాల్ 1971లో పుస్తకంగా ప్రచురించారు. చీరాల ప్రజలకు కాశీ కథ తెలిసినా తెలియకపోయినా, వాళ్లు నడిచింది ఆ బాటలోనే.

రామనగరు

రోహిణి ఎండలు ముంచుకొస్తున్న రోజుల్లో వలస సాగింది. మున్సిపాలిటీ హద్దుకు అవతల తాటాకు పాకలు లేచాయి. ఆ కొత్త ఊరికి రామనగరు అని పేరు పెట్టారు. బండ్ల మీద ధాన్యం, గిన్నెలు, మంచాలు కదిలాయి. పసిపిల్లలు, బాలింతలు, మంచం పట్టిన ముసలివాళ్లు కూడా ఆ ప్రయాణంలో ఉన్నారు. మగ్గాన్ని తరలించడం అన్నిటికన్నా కష్టం. దోనె, పలక, అచ్చు విప్పి బండెక్కించవచ్చు, గుంటను ఎక్కించలేరు. ఇసుకలో మళ్లీ గుంట తవ్వుకుని, మళ్లీ పడుగు ఎక్కించుకుని, మొదటి బట్ట కోసేదాకా ఇంట్లో రాబడి ఉండదు.

రామనగరు తన పాలన తానే చేసుకుంది. అన్ని కులాల నుంచి ప్రతినిధులను ఎన్నుకుని సభ ఏర్పాటు చేసుకున్నారు. తగవులు వస్తే కోర్టుకు వెళ్లకుండా మధ్యవర్తుల ముందు తీర్చుకున్నారు. కాపలా, పారిశుద్ధ్యం, సాయం పంపిణీ రామదండు చూసుకుంది. మున్సిపాలిటీ వద్దన్నవారు క్రమశిక్షణ వద్దనలేదని, తమ ఊరిని తాము నడుపుకోగలరని ఆ పాకల ఊరు రుజువు చేసింది. అవతల అసలు చీరాలలో వీధులు బోసిపోయాయి.

ఎండాకాలం గడిచింది, వానాకాలం గడిచింది, చలికాలం వచ్చింది. తాటాకు కప్పు ఎండను ఆపినంతగా వానను ఆపలేదు. పనులు కుంటుపడి చేతిలో డబ్బు అయిపోతూ వచ్చింది. ఇన్ని వేలమందిని ఆదుకోవడానికి చందాలు చాలలేదు. నిధుల కోసం తిరుగుతూ గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్లారు. అక్కడ ఉపన్యసించకూడదన్న నిషేధాజ్ఞను ధిక్కరించినందుకు ఆయనను అరెస్టు చేసి ఏడాది జైలుశిక్ష విధించారు. తిరుచిరాపల్లి జైలుకు తరలించారు. నాయకుడు లేని లోటు రామనగరును కుంగదీసింది.

తిరిగి ఊళ్లోకి

అప్పటికి దేశంలో గాలి కూడా మారింది. గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో భూమి శిస్తు నిరాకరించారు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీ శాసనోల్లంఘన కార్యక్రమాన్ని ఆపేశారు. దాదాపు పదకొండు నెలల ప్రవాసం తర్వాత చీరాల, పేరాల జనం తిరిగి తమ ఇళ్లకు చేరుకున్నారు. మున్సిపాలిటీ రద్దు కాలేదు.

కోరింది దక్కలేదు కాబట్టి ఉద్యమం ఓడిందని లెక్క కట్టడం తేలిక. కానీ ఇన్ని వేలమంది ఒక్క రాయి విసరకుండా, ఒకరి ఇల్లు ఒకరు దోచుకోకుండా, కులాల గీతలు దాటి దాదాపు ఏడాది పాటు కట్టుగా నిలిచారు. తమ అంగీకారం లేని పన్ను న్యాయమైన పన్ను కాదన్న మాటను తమ కాపురాలను పణంగా పెట్టి చెప్పారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1928 జూన్ 10న, నలభై ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. ఆంధ్రరత్న అన్న బిరుదుతోనూ, చీరాల-పేరాల పేరుతోనూ ఆయనను తెలుగువారు నేటికీ తలచుకుంటున్నారు.

నేటి డిమాండు నోటీసు

చీరాల లేవనెత్తిన ప్రశ్నలు పాతబడలేదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. రాష్ట్ర శాసనసభ చేసే చట్టం ద్వారా వాటికి పన్నులు వేసే అధికారం దక్కుతుంది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని కూడా ఆ సవరణ చెప్పింది. పన్ను వేసేవారు ఎన్నికైనవారై ఉండాలన్న కోరికకు కాగితం మీద సమాధానం దొరికింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో ఆస్తి పన్ను లెక్కించే తీరు మారింది. వార్షిక అద్దె విలువ స్థానంలో ఆస్తి మూలధన విలువ ఆధారమైంది. స్థలం, కట్టడం విలువ పెరిగే కొద్దీ పన్నూ పెరిగే పద్ధతి ఇది. ఒక ఏడాదిలో పెంపు 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. ఏటా 15 శాతం చొప్పున వరసగా పెరిగితే ఐదేళ్లకు పన్ను రెట్టింపవుతుంది. ఈ మార్పుతో పాటు వచ్చిన 196, 197, 198 నంబర్ల ప్రభుత్వ ఉత్తర్వులను (జీవోలను) ఉపసంహరించాలంటూ విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో వామపక్షాలు, కాలనీ సంక్షేమ సంఘాలు, పన్ను చెల్లింపుదారుల సంఘాలు ధర్నాలు చేశాయి, వీధి సభలు పెట్టాయి, అభ్యంతర పత్రాలు ఇచ్చాయి. పింఛను మీద బతికే ముసలి దంపతులు పాతికేళ్ల కిందట కట్టుకున్న ఇంటి విలువ చుట్టుపక్కల ధరలతో పాటు పెరుగుతుంది. వాళ్ల పింఛను అలా పెరగదు. మగ్గానికి చోటు కోసం పెద్ద ఇల్లు కట్టుకున్న చీరాల నేతగాడి ఇబ్బందే ఇది.

ఆస్తి పన్ను లేకుండా ఊరు నడవదు. నీళ్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు ఆ డబ్బుతోనే సాగుతాయి. అందుకే దాని న్యాయం గురించి వాదన ఎప్పుడూ మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది. కట్టేవారి తాహతుకు అది తగినదేనా, దాన్ని నిర్ణయించడంలో వాళ్ల మాటకు చోటుందా, కట్టిన డబ్బు వాళ్ల వీధికి తిరిగి వస్తోందా. చీరాల లేవనెత్తినవీ ఈ మూడే. అర్జీకి జవాబు రానప్పుడు ఆ ఊరు తాటాకు పాకల్లోకి నడిచింది.