ఆకు మందే కదా అనుకుంటే: బ్రస్సెల్స్ మాత్రల కథ

"ఆకు మందే కదా, ఏం చేస్తుందిలే" అనే మాట మన ఇళ్లల్లో వినని వాళ్లుండరు. నేనూ అనేవాణ్ణి. ఈ ఎపిసోడ్ కోసం చదివాక అనడం మానేశాను.

1992. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్. కొందరు ఆడవాళ్లకి ఉన్నట్టుండి కిడ్నీలు పాడైపోతున్నాయి. ఆరా తీస్తే, వాళ్లంతా ఒకే క్లినిక్‌లో బరువు తగ్గే మాత్రలు వాడినవాళ్లే. ఆ మాత్రల్లో 1990 నుంచి చైనా మూలికల పొడి కలుపుతున్నారు. రాసిన పేరు స్టెఫానియా. లోపల ఉన్నది అరిస్టోలోకియా. చైనా భాషలో రెండింటి పేర్లలోనూ 'ఫాంగ్‌జీ' అనే మాట ఉంది. అక్కడే తారుమారైంది.

ఈ అరిస్టోలోకియాలో ఉండే ఆమ్లం ప్రమాదమని అప్పటికి తెలియదా? తెలుసు! అదే బాధ.

1970ల్లో అమెరికాలోని బర్క్‌లీలో బ్రూస్ ఏమ్స్ ఒక చవకైన పరీక్ష తయారుచేశాడు. హిస్టిడిన్ అనే పోషకాన్ని సొంతంగా చేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాని తీసుకుంటారు. హిస్టిడిన్ దాదాపు లేని ప్లేట్ మీద, మనం పరీక్షించే పదార్థంతో కలిపి వేస్తారు. ఆ పదార్థం డీఎన్‌ఏని మార్చేస్తే, కొన్నిటికి పోయిన శక్తి తిరిగొచ్చి చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. మామూలుకన్నా చుక్కలు బాగా ఎక్కువుంటే అనుమానించాల్సిందే.

1980ల మొదట్లోనే ఈ ఆమ్లం అందులో దొరికిపోయింది. 1982లో ఎలుకల్లో క్యాన్సర్ తెస్తుందని కూడా తేలింది. జర్మనీ ఆ మందుల్ని మార్కెట్ నుంచి తీసేసింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, టెస్ట్ ఫెయిలైంది, బగ్ రిపోర్టూ ఉంది. ఎనిమిదేళ్ల తర్వాత అదే కోడ్ వేరే పేరుతో ప్రొడక్షన్‌లోకి వెళ్లిపోయింది.

దెబ్బ రెండు రకాలుగా పడింది. కణాల్ని చంపే గుణం వల్ల కిడ్నీలు త్వరగా పోయాయి. డీఎన్‌ఏకి అతుక్కునే గుణం మాత్రం ఏళ్లపాటు కనిపించకుండా పనిచేసింది. పనిచేయని కిడ్నీల్ని, మూత్రనాళాల్ని ముందుజాగ్రత్తగా తీయించుకున్న 39 మందిని పరీక్షిస్తే, 18 మందికి క్యాన్సర్ ఉందని 2000లో ప్రచురించారు. అందుకే ఒక్క పరీక్షతో సరిపెట్టరు. కణం బతికిందా అనేది ఒక ప్రశ్న, బతికిన కణంలో డీఎన్‌ఏ బాగుందా అనేది ఇంకోటి.

ఇదేదో బెల్జియం గొడవ అనుకోకండి. మన చేలగట్ల మీద కనిపించే గాడిదగడపాకు, నాటువైద్యంలో వాడే నల్ల ఈశ్వరి, రెండూ అరిస్టోలోకియాలే. ఆ ఆమ్లం వాటిలోనూ ఉంది.

మూలికలన్నీ విషమని నేననను. ఎవరైనా పొడి చేతిలో పెడితే, "ఇది ఏ మొక్క? పరీక్షించారా?" అని అడగండి. మొహమాటపడొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.