కోనసముద్రం ఉక్కు నుండి సైకిలు చట్రం దాకా

నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మట్టి మూసల్లో తయారైన ఉక్కు పర్షియా దాకా ఎగుమతి అయ్యేది. కత్తికి పదునునిచ్చిన ఆ ఉక్కులో కర్బనం సుమారు 1.5 శాతం, వెల్డింగు వేడికి అది పగిలే స్వభావం కలది. సైకిలు చట్రానికి కావలసిన గుణం వేరు. 1897లో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ కొసల్లో మందంగా, నడుమ పలుచగా ఉండే ఉక్కు గొట్టానికి పేటెంటు పొందాడు. అతుకు పడేచోట బలం, మిగతాచోట తేలిక దాని సూత్రం. నేటి కంకరదారి, దూరయాత్రా సైకిళ్లకు వాడే క్రోమోలీ ఉక్కులో కర్బనం సుమారు 0.3 శాతమే. కనుకనే విరిగిన చట్రాన్ని బషీర్‌బాగ్, నారాయణగూడ వంటి పేటల్లో నేర్పున్న వెల్డరు తిరిగి అతకగలడు. ఉక్కు ఘనతను పదునుతోనే కొలిచే లోహచరిత్ర రచన, అతుకుకు ఒదిగే ఈ గుణాన్నీ పరిగణించవలసి ఉంది.