ద్విచక్ర వాహన లైసెన్సు: పరీక్షకు గుర్తులు మాత్రమే చాలవు

మోటారు సైకిల్ లైసెన్సుకు తొలి మెట్టు లెర్నర్ లైసెన్సు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం దీని కోసం జరిపే పరీక్షలో కనీసం 60 శాతం ప్రశ్నలకు సరైన సమాధానాలివ్వాలి. అభ్యర్థికి 18 ఏళ్లు నిండి ఉండాలి.

చాలామంది రోడ్డు గుర్తులనే వల్లె వేస్తారు. బొమ్మల కంటే ముందు ఆకారాలను గ్రహిస్తే ఆ భాగం సులువు. సాధారణంగా వృత్తంలో ఉన్నది ఆజ్ఞ, త్రిభుజంలో ఉన్నది హెచ్చరిక, దీర్ఘచతురస్రంలో ఉన్నది సమాచారం. ఆగమని చెప్పే గుర్తు మాత్రం అష్టభుజి. దారి ఇమ్మనేది తలకిందుల త్రిభుజం.

అయితే ప్రమాదం జరిగినప్పుడు చోదకుని బాధ్యతలు కూడా ఇదే పరీక్షలో భాగం. అభ్యర్థులు ఎక్కువగా వదిలేసేది, నిజజీవితంలో ప్రాణం నిలబెట్టేది ఇదే. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవారికి వైద్యసాయం అందేలా చూడాలి. పోలీసులు అక్కడ లేకపోతే వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా సమీప ఠాణాకు తెలియజేయాలి. జనాగ్రహం వంటి కారణాల వల్ల సాయం చేయడం సాధ్యపడకపోతే మినహాయింపు ఉంది. చట్టం రాసినవారు మన వీధులను ఎరిగినవారే.

కాపలా లేని రైల్వే గేటు మరో ప్రశ్న. వేగం తగ్గించి దాటడం సరైన జవాబు కాదు. బండి ఆపాలి, వెంట ఎవరూ లేకుంటే చోదకుడే దిగి, ఇరువైపులా రైలు రావడం లేదని నిర్ధారించుకున్నాకే పట్టాలు దాటాలి.

లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. పక్కా లైసెన్సు కోసం బండి నడిపి చూపే పరీక్షకు 30 రోజులు ఆగాలి.