ఆటగాడు శిక్షకుడైనప్పుడు: రహీం అనంతర భారత ఫుట్‌బాల్

1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. భారత జట్టు ఎదుట నిలిచింది దక్షిణ కొరియా. గ్రూప్ దశలో మన జట్టును 2-0తో ఓడించిన జట్టు అదే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో స్థానిక ప్రేక్షకులు భారత్ మీద ఆగ్రహంగా ఉన్నారు. దానికి తోడు ముఖ్యమైన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అలాంటి ఆటగాణ్ణి ఎవరైనా పక్కన కూర్చోబెడతారు. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మాత్రం ఆయన్ను రక్షణ వరుసలోంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. భారత్ 2-1తో గెలిచింది. ఒక గోల్ పి.కె. బెనర్జీ కొట్టారు, మరొకటి జర్నైల్ సింగ్ కొట్టారు.

ఆ తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్‌తో మరణించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఒక శిక్షకుడికి తెలిసిన విద్య ఆయన తరువాత ఎక్కడికి పోతుంది? మైదానంలో ఆయన చెప్పినది విని ఆడినవారు దాన్ని ముందు తరానికి అందించగలిగారా?

ముందుగా రహీం ఎవరో చూద్దాం. ఆయన 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి జట్టుకు ఆడారు. బతుకుతెరువు కోసం ఎంచుకున్నది బడిపంతులు వృత్తి. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. అందుకే ఆయన్ను 'రహీం సాబ్' అని పిలిచినవారి గొంతులో క్రీడాకారుడి పట్ల అభిమానం కన్నా గురువు పట్ల గౌరవమే ఎక్కువగా వినిపించేది. 1943 నుంచి మరణించేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. ఆయన పేరు ఆటగాడిగా దేశమంతా మోగలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది.

రహీం పద్ధతుల్లో పంతులుతనం స్పష్టంగా కనిపిస్తుంది. కుడికాలి వాటం గలవాడు ఎడమ కాలితోనూ, ఎడమకాలి వాటం గలవాడు కుడి కాలితోనూ ఆడాలన్న షరతుతో పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో మరికొన్ని నడిపేవారు. బంతి దొరకగానే సొంత నైపుణ్యం చూపించాలన్న తపన ఉన్న కుర్రవాడికి ఇది కష్టమైన శిక్షే. కానీ బంతిని వెంటనే తోటివాడికి అందించడం అలవాటు కావాలంటే అంతకన్నా దగ్గరి దారి లేదు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఓటములూ ఉన్నాయి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, చాలామంది ఉత్త కాళ్లతో ఆడిన మన జట్టును యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. బూట్లు తప్పనిసరి అయింది ఆ దెబ్బ తరువాతే. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే శిక్షకుడి జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

రహీం పోయాడు, భారత ఫుట్‌బాల్ పడిపోయింది అని ఒక్క వాక్యంలో తేల్చేసేవారు ఉన్నారు. ఆ మాట వినడానికి బాగుంటుంది, కానీ ఆధారాలు దానికి పూర్తిగా లొంగవు. 1964 ఆసియా కప్‌లో, ఆంగ్లేయుడైన హ్యారీ రైట్ శిక్షణలో, భారత్ రెండో స్థానం సాధించింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. కాబట్టి క్షీణత ఒక్కరోజులో రాలేదు. అయితే రహీం పద్ధతిని నిలబెట్టే వ్యవస్థ ఏదీ అప్పటికి బలపడలేదన్నది నిజం. పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ 1961లోనే మొదలైంది. ఆయన విద్య చాలావరకు శిష్యుల జ్ఞాపకాల్లోనే మిగిలింది.

ఆ శిష్యుల బతుకులు ఎలా ఉండేవో కూడా తెలియాలి. ఆ కాలంలో ఫుట్‌బాల్ ఆటగాడికి అన్నం పెట్టింది పోలీసు, రైల్వే, బ్యాంకు వంటి సంస్థల ఉద్యోగం. దేశమంతటికీ ఒక జాతీయ లీగ్ రావడానికి 1996 దాకా ఆగాల్సి వచ్చింది. ఆట మానేసినవాడికి ఉద్యోగం మిగిలేది. శిక్షణ ఇవ్వాలంటే అది ఉద్యోగం తరువాతి పని, లేదా ఉద్యోగాన్ని పణంగా పెట్టే పని. ఈ ఆర్థిక నేపథ్యాన్ని వదిలేసి ఆటగాళ్లు శిక్షకులైన కథ చెబితే అది వీరగాథ అవుతుంది, చరిత్ర కాదు.

పి.కె. బెనర్జీని తీసుకోండి. ఆయన ఆడింది ఈస్టర్న్ రైల్వే జట్టుకు. మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌లోనూ, జకార్తాలోనూ రహీం కింద ఆడారు. రోమ్‌లో ఆయనే కెప్టెన్. 1967లో ఆట విరమించి, 1972లో ఈస్ట్ బెంగాల్ క్లబ్ శిక్షణ బాధ్యత తీసుకున్నారు. 1972 నుంచి 1975 దాకా నాలుగేళ్లూ కలకత్తా లీగ్ ఆ క్లబ్‌దే. 1975 ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను 5-0తో ఓడించింది. మరుసటి ఏడే ఆయన మోహన్ బగాన్‌కు మారారు. 1977 సెప్టెంబర్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టుతో ఆయన జట్టు 2-2తో సమంగా నిలిచింది. మ్యాచ్‌కు ముందు ఆయన ఆటగాళ్లను మాటలతో రగిలించేవారు. బెంగాల్ పత్రికలు దానికి 'వోకల్ టానిక్' అని పేరు పెట్టాయి. గొప్ప ఆటగాడి మాట కాబట్టి కుర్రాళ్లు చెవి ఒగ్గి వినేవారు. రహీంకు లేని సౌలభ్యం ఇదే. ఆయన తన మాటకు విలువను పాఠం చెప్పే తీరుతోనే సంపాదించుకోవాల్సి వచ్చింది.

అమల్ దత్తా దారి వేరు. ఆయనా భారత జట్టుకు ఆడినవారే, కానీ బెనర్జీ అంత పేరు లేదు. ఇంగ్లండ్ వెళ్లి శిక్షకుల కోర్సు చదివి వచ్చారు. బెంగాల్ పల్లెల్లో ప్రొజెక్టర్ పట్టుకు తిరిగి ఫుట్‌బాల్ చిత్రాలు చూపించారు. శిక్షణనే వృత్తిగా చేసుకుని బతికిన తొలి భారతీయుడిగా ఆయన్ను చెప్పుకుంటారు. నా దృష్టిలో బెనర్జీ విజయాల కన్నా దత్తా ప్రొజెక్టరే మన ప్రశ్నకు దగ్గరగా ఉంది. జ్ఞాపకంలో ఉండిపోయే విద్యను నలుగురూ చూడగలిగే రూపంలోకి తెచ్చే ప్రయత్నం అది.

ఈ ఇద్దరూ 1997 జూలై 13న కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో ఎదురుపడ్డారు. లక్షా ముప్పై వేలకు పైగా జనం వచ్చారు. దత్తా శిక్షణలోని మోహన్ బగాన్ 'డైమండ్' వ్యూహంతో అప్పటిదాకా అందరినీ ఓడిస్తూ వచ్చింది. బెనర్జీ శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ ఆ రోజు 4-1తో గెలిచింది. బైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టాడు. ఆడేవారి పేర్ల కన్నా ఇద్దరు శిక్షకుల పేర్లతో ఆ మ్యాచ్‌ను చెప్పుకోవడం మీరు గమనించండి. ముప్పై ఏళ్ల ముందు అది ఊహకు అందని విషయం.

ఇక హైదరాబాద్‌కు తిరిగి వద్దాం. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ ఈ నగరంలోనే ఆట నేర్చుకుని కలకత్తా వెళ్లినవారు. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. ఆయన శిక్షణలో భారత్ 1997లోనూ 2005లోనూ దక్షిణాసియా ఛాంపియన్‌షిప్ గెలిచింది. తరువాత బంగ్లాదేశ్ జాతీయ జట్టుకూ శిక్షణ ఇచ్చారు. క్రమశిక్షణ విషయంలో ఎంతటి పేరున్న ఆటగాణ్ణయినా ఉపేక్షించరని ఆయనకు పేరు. హైదరాబాద్ ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు తరలిపోయిన ఆ దశాబ్దాల్లోనే, ఒకప్పుడు వారిని తయారుచేసిన పోలీసు జట్టు నెమ్మదిగా వెనకబడిపోయింది. రహీం శిష్యులూ, ఆ నగరంలో తరువాత వచ్చినవారూ శిక్షకులుగా పేరు తెచ్చుకున్నది ఎక్కువగా ఇతర నగరాల్లో, ఇతరుల క్లబ్బుల్లో.