కదలని ముల్లు

1952 సెప్టెంబర్ 5. అర్జెంటీనా దక్షిణాన, పటగోనియా.

మనకు వానలు పడే నెల. అక్కడ చలి ఇంకా పోని నెల. నావెల్ వాపి సరస్సు మీద గాలి ముఖాన్ని కోసేస్తోంది. చుట్టూ ఆండీస్ కొండలు, వాటి నెత్తిన మంచు. బరిలోచే ఊరి ఒడ్డు వెనక్కి పోతోంది. ఎదురుగా నల్లటి చెట్లతో ఒక దీవి దగ్గరపడుతోంది.

దాని పేరు వేముల్. ఆ కొండల్లో తిరిగే ఒక జింక పేరది. ఇప్పుడు అక్కడ జింకల ఊసు లేదు. తుపాకులు పట్టుకున్న సైనికులున్నారు. అనుమతి లేకుండా ఎవరూ అడుగు పెట్టకూడదు.

ఇవాళ ఐదుగురికి అనుమతి దొరికింది. అందులో బాంకోరా అనే ఇంజనీరున్నాడు. నక్షత్రాలు చూసే ఒక జెస్యూట్ ఫాదర్ ఉన్నాడు. ముప్ఫై మూడేళ్ళ హొసే బల్సేయిరో కూడా ఉన్నాడు. నిన్నమొన్నటిదాకా ఇంగ్లండులో, మాంచెస్టర్ యూనివర్సిటీలో తన లెక్కలేవో తను చేసుకుంటున్నాడు. గడువు ముగియకముందే తిరిగి రమ్మని కబురొచ్చింది. వచ్చాడు.

వాళ్ళు చూడబోయేది ఒక మంట. చెప్పాల్సింది ఒక్క మాట: ఉందా, లేదా? లేదని చెబితే ఆ మాట తగిలేది దీవిలో ఉన్న శాస్త్రవేత్తకు కాదు. నేరుగా దేశాధ్యక్షుడికి.

ఏడాదిన్నర వెనక్కి పోదాం. 1951 మార్చి 24. బ్యూనస్ ఎయిర్స్‌లో కాసా రోసాదా, అంటే గులాబీ రంగు అధ్యక్ష భవనం. విలేకరులను పిలిపించారు. అధ్యక్షుడు హువాన్ పెరోన్ వచ్చి కాగితం చదివాడు. ఫిబ్రవరి 16న, వేముల్ దీవిలోని ప్రయోగశాలలో, అదుపులో ఉంచిన థర్మోన్యూక్లియర్ ప్రయోగాలు జరిగాయన్నాడు.

విలేకరుల్లో ఎంతమందికి అర్థమైందో గానీ, అర్థమైనవాళ్ళకు మాత్రం గుండె ఆగినంత పనైంది. సూర్యుడి కడుపులో జరిగే పని అది, పేరు ఫ్యూజన్. అప్పటికి హైడ్రోజన్ బాంబు ఏ దేశం దగ్గరా లేదు. అమెరికా మొదటిది పేల్చింది 1952 నవంబర్ 1న. బాంబే లేని రోజుల్లో, అదే నిప్పును పొయ్యిలో పెట్టి వాడుకుంటామంటున్నాడు పెరోన్. ఇకమీదట కరెంటు పాల సీసాల్లా లీటరు, అరలీటరు లెక్కన దొరుకుతుందని అన్నట్టు కూడా చెబుతారు.

ఆయన పక్కన ఒక జర్మన్ మాటతీరు మనిషి. పేరు రోనాల్డ్ రిక్టర్. భూకంపాల రిక్టర్ వేరు, ఈయన వేరు. కానీ ఆ రోజు ఈయన కూడా భూమిని కదిలించాడు.

ఎవరీ రిక్టర్?

1909లో బొహీమియాలో పుట్టాడు. ప్రాగ్‌లోని జర్మన్ యూనివర్సిటీలో చదివాడు. యుద్ధం ముగిశాక లండన్‌లో కుర్ట్ టాంక్ కంటపడ్డాడు. జర్మన్లకు ఫోకె-వుల్ఫ్ 190 అనే యుద్ధ విమానం గీసిచ్చిన మనిషి ఈ టాంక్. (మనకూ తెలిసినవాడే. తరవాత బెంగళూరు వచ్చి, హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో మన మారుత్ విమానాన్ని తయారుచేసింది ఈయన బృందమే.) అణుశక్తితో విమానం ఎగురుతుందని రిక్టర్ చెప్పాడు. టాంక్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. టాంక్ మారుపేరుతో అర్జెంటీనా చేరాడు. రిక్టర్‌నూ పిలిపించాడు. 1948 ఆగస్టులో రిక్టర్‌ను పెరోన్ ముందు కూర్చోబెట్టారు.

యురేనియం అక్కర్లేదన్నాడు రిక్టర్. హైడ్రోజన్ చాలు, లిథియం చాలు. పెద్ద దేశాలు దాచుకున్న రహస్యాన్ని పక్కదారిలో దాటేద్దామన్నాడు. సైనికుడిగా ఎదిగి అధ్యక్షుడైన పెరోన్‌కు ఇంతకంటే తియ్యటి మాట ఇంకేముంటుంది? పర్సు తెరిచేశాడు.

మొదటి ప్రయోగశాల కోర్డోబాలో పెట్టారు. అక్కడ మంటలు లేచాయి. ఎవరో కావాలని చేశారన్నాడు రిక్టర్. శత్రువులున్నారు, గూఢచారులున్నారు, ఎవరూ రాలేని చోటు కావాలన్నాడు. అలా దొరికింది వేముల్.

ఇక పని మొదలైంది. కర్నల్ గొన్సాలెస్ పెద్దరికంలో సైనికులు దిగారు, దేశంలో ఇళ్ళకు సిమెంటు దొరకని రోజుల్లో సిమెంటు బస్తాలు పడవలెక్కి సరస్సు దాటాయి, ఇటుకలు దాటాయి, ఇనుము దాటింది, పెద్ద పెద్ద యంత్రాలు చెక్క పెట్టెల్లో విదేశాల నుంచి వచ్చి దాటాయి, పన్నెండు మీటర్ల ఎత్తున కాంక్రీటు రియాక్టరు లేచి నిలబడింది, అందరూ హమ్మయ్య అనుకుంటున్న వేళ రిక్టర్ దాన్ని పైనుంచి కిందికి చూసి, ఇది పనికిరాదు, పడగొట్టండి అన్నాడు.

పడగొట్టారు.

ఎందుకని గట్టిగా అడిగినవాడు లేడు. అడగడానికి అధికారం ఉన్నవాళ్ళకు ఫిజిక్స్ రాదు. ఫిజిక్స్ వచ్చినవాళ్ళను దీవికి రానివ్వరు. రిక్టర్ కోట అసలు గోడ కాంక్రీటు కాదు, ఇదే.

మరి ఫిబ్రవరి 16న జరిగిందేమిటి? మంటలోంచి వచ్చిన వెలుగును గీతలుగా విడగొట్టి ఫొటో తీసే స్పెక్ట్రోగ్రాఫ్ ఒకటుంది. ఆ ఫొటోలో గీతలు మారి కనిపించాయి. వేడి కోట్ల డిగ్రీలకు చేరిందనడానికి అదే సాక్ష్యమన్నాడు రిక్టర్. పక్కనే ఉన్న టెక్నీషియన్‌కు అనుమానం వచ్చింది. కెమెరాలో ఫొటో పలక కాస్త కదిలి ఉంటుందేమో? మళ్ళీ ఒకసారి చేసి చూద్దామన్నాడు.

రిక్టర్ ఒప్పుకోలేదు.

నెలన్నర తిరక్కుండా పెరోన్ లోకానికి చాటింపు వేశాడు. రిక్టర్ మెళ్ళో పతకం పడింది. బ్యూనస్ ఎయిర్స్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అమెరికాలో ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ లైమన్ స్పిట్జర్ మంచులో స్కీయింగ్‌కని ఆస్పెన్ కొండలకు బయల్దేరుతుంటే, వాళ్ళ నాన్న ఫోన్ చేసి పేపర్లో వచ్చిన వార్త చెప్పాడు. స్పిట్జర్ నమ్మలేదు. కానీ తాడు మీద వేలాడుతూ కొండెక్కే ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఒకటే ఆలోచన: రిక్టర్‌ది అబద్ధమే అనుకో, నిజంగా చేయాలంటే ఎలా చేయాలి? స్టెల్లరేటర్ అనే యంత్రం ఊహ అక్కడే పుట్టింది. అమెరికా ఫ్యూజన్ పరిశోధనకు పురుడు పోసింది ఒక ఉత్తుత్తి వార్త.

దీవిలో మాత్రం రోజులు గడుస్తున్నాయి. సీసా రాలేదు. 1952లో దేశ అణుశక్తి సంఘంలో కర్నల్ గొన్సాలెస్ స్థానంలోకి నౌకాదళ కెప్టెన్ ఇరావోలగోయితియా వచ్చాడు. ఫిజిక్స్ తెలిసినవాళ్ళను పంపి చూపిద్దామన్నాడు. పెరోన్ సరేనన్నాడు. ఎవా పెరోన్ చనిపోయి అప్పటికి ఆరు వారాలే. దేశం ఇంకా నల్లబట్టల్లోనే ఉంది.

పడవ ఒడ్డుకు తగిలింది.

ప్రయోగశాల లోపల మందపాటి గోడల మధ్య పెద్ద పెద్ద ఎలక్ట్రోడులు. వాటి మధ్య కరెంటు దూకాలి. సందులోని మెకానిక్ వెల్డింగ్ చేస్తుంటే కళ్ళు చెదిరే నీలం మెరుపు వస్తుందే, అదే ఆర్క్. ఇక్కడిది దానికి పెద్దన్న. ఆ ఆర్క్‌లోకి హైడ్రోజన్, లిథియం చిమ్ముతాడు రిక్టర్. రెండూ కలిస్తే హీలియం పుట్టాలి, గామా కిరణాలు పుట్టాలి. పుట్టాయో లేదో గైగర్ కౌంటరు ముల్లు చెప్పాలి. ఆ ముల్లే సాక్షి.

ఈసారి సాక్షులు రెండు జట్లు. రిక్టర్ పెట్టినవి కొన్ని. కమిటీ వాళ్ళు తమవెంట తెచ్చుకున్నవి కొన్ని.

మీట నొక్కారు.

గది దద్దరిల్లింది. చెవులు గింగురుమన్నాయి. లిథియం మండినచోట ముదురెరుపు వెలుగు. రిక్టర్ పరికరాల్లో ముల్లు ఎగిరి పడింది. అదిగో రేడియేషన్!

బల్సేయిరో మంట వైపు చూడలేదు. తమ పరికరం వైపు చూశాడు.

ముల్లు కదల్లేదు.

ఒకే గది, ఒకే మంట, ఒకే క్షణం. ఒక ముల్లు గంతులేసింది, ఇంకొకటి నిద్రపోయింది. గామా కిరణాలు మనుషుల మొహం చూసి రావు కదా. మరి రిక్టర్ ముల్లును తన్నిందెవరు? పెద్ద నిప్పురవ్వ దూకినప్పుడు చుట్టూ విద్యుత్ అలజడి పుడుతుంది. పక్కింట్లో మిక్సీ వేస్తే మన పాత రేడియో గరగరలాడేది, గుర్తుందా? ఆ గరగరను పాట అనుకున్నాడు రిక్టర్. అనుకున్నాడో, అనుకోమన్నాడో.

కమిటీ మరో మూడు రోజులు అక్కడే ఉంది. చూసింది, అడిగింది, రాసుకుంది. రాజధానికి తిరిగొచ్చాక బల్సేయిరో కలం పట్టాడు. ఫ్యూజన్ జరగాలంటే వేడి కనీసం 4 కోట్ల డిగ్రీలు ఉండాలి. రిక్టర్ ఆర్క్‌లో ఉన్నది కొన్ని వేల డిగ్రీలు. ఎంత ఉదారంగా లెక్కేసినా లక్ష దాటదు. నివేదికలో తిట్లు లేవు, ఎగతాళి లేదు. అంకెలున్నాయి. దేశాధినేత స్వయంగా ప్రకటించిన విజయం కింద ముప్ఫై మూడేళ్ళ కుర్రాడు సున్నా చుట్టి సంతకం పెట్టాడు.

ఇప్పుడేమవుతుంది?

రిక్టర్ ఎదురు జవాబు రాశాడు. వీళ్ళకు నా సిద్ధాంతం అర్థం కాలేదన్నాడు. సరే, ఇంకో ఇద్దర్ని అడుగుదామని రిచర్డ్ గాన్స్, ఆంతోనియో రోద్రిగెస్‌ల ముందు రెండు కాగితాలూ పెట్టారు. వాళ్ళూ బల్సేయిరో మాటే అన్నారు.

1952 నవంబర్‌లో సైన్యం దీవిని స్వాధీనం చేసుకుంది. కొన్న పరికరాల్లో చాలావాటికి కట్టిన పెట్టెలు కూడా విప్పలేదు. లెక్క తేలిన ఖర్చు 6 కోట్ల పెసోలకు పైనే. పెరోన్ మరో ప్రకటన చేయలేదు. పేపర్లలో వేముల్ పేరు మెల్లగా మాయమైంది.

ఆ పెట్టెలు మళ్ళీ పడవెక్కి, ఈసారి బరిలోచే ఒడ్డుకు చేరాయి. 1955లో ఆ ఊళ్ళో ఒక ఫిజిక్స్ కాలేజీ మొదలైంది. దాని మొదటి డైరెక్టరు బల్సేయిరోనే. 1962లో, నలభై మూడైనా నిండకుండా, లుకేమియాతో పోయాడు. కాలేజీకి ఆయన పేరు పెట్టారు. స్ట్రింగ్ థియరీలో పేరు మోగిన హువాన్ మల్దసేనా చదువుకున్నది అక్కడే.

రిక్టర్ అర్జెంటీనాలోనే ఉండిపోయాడు. 1991లో చనిపోయాడు. అప్పటికీ, ఇప్పటికీ ప్రపంచంలో ఏ ఇంటికీ ఫ్యూజన్ కరెంటు బిల్లు రాలేదు.