పాత ఫోటోలో ముందు తలుపు కొలవండి

స్క్రీన్ మీద ఫోటో చూడండి. 1936, అమెరికాలో అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ దగ్గర రోడ్డు పక్కన ఓ కొట్టు. చేపలు అమ్ముతామని బోర్డులు, ముందు పుచ్చకాయలు పట్టుకున్న ఇద్దరు పిల్లలు. తీసినాయన వాకర్ ఎవాన్స్.

మాంద్యం రోజుల్లో పల్లెల కష్టాలు దేశానికి చూపించాలని ప్రభుత్వమే ఫోటోగ్రాఫర్లని ఊళ్ల మీదికి పంపింది. ఆ విభాగానికి పెద్ద రాయ్ స్ట్రైకర్. నచ్చని నెగటివ్‌లు చాలావాటికి పంచ్‌తో చిల్లు పొడిచేవాడు! అయినా లక్షకు పైగా నెగటివ్‌లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. మన ఫోన్లోనే ఉచితంగా చూడొచ్చు.

చిన్న మోడల్స్ కట్టేవాళ్లకి ఇవే ప్లాన్లు. ఎలాగంటారా? తలుపు ఎత్తు సుమారు 2 మీటర్లు అనుకోండి. 1:87 స్కేల్‌లో అది 23 మిల్లీమీటర్లు. ఫోటోలో గోడ తలుపుకి ఒకటిన్నర రెట్లుంటే, మోడల్‌లో దాదాపు 35. కాకపోతే ఫోటో ఎదురుగా నిలబడి తీసిందై ఉండాలి. పక్క నుంచి తీస్తే కొలత తప్పుతుంది. ఎవాన్స్ చాలా భవనాల్ని అలా ఎదురుగానే తీశాడు.

బిల్డింగ్ పోయినా కొలత మిగిలింది, చూశారా? మీ ఊళ్లో పాత రైస్ మిల్లు ఇంకా నిలబడి ఉంటే, కూల్చకముందే ఎదురుగా ఒక ఫోటో తీయండి. తలుపు మాత్రం ఫ్రేములో పడాలి!