లావోయిజరు జమాఖర్చు

రసాయన శాస్త్రము చదివిన బాలురకెల్ల లావోయిజరు పేరు తెలియును. పదార్థము మండుట యనగా అది గాలిలోని ఆమ్లజనితో కలియుటయే యని నిరూపించినది ఆయనయే. రసాయనిక చర్యకు ముందును తరువాతను పదార్థముల మొత్తము బరువు మారదని త్రాసు పట్టి చూపినదియు ఆయనయే. అయితే ఈ పనులకు ఆయన ఉంచుకొనిన కాలము ఉదయము 6 మొదలు 9 గంటల వరకును, రాత్రి 7 మొదలు 10 గంటల వరకును మాత్రమే. వారమున కొక్కదినము పూర్తిగా ప్రయోగశాలలో గడపుచుండెను. తక్కిన కాలమంతయు ప్రజావ్యవహారములకు, అందును విశేషముగా పన్నుల లెక్కలకు చెల్లిపోవుచుండెను. లెక్కలు వ్రాయుటయే జీవనముగా గల నాకు ఆయన త్రాసుకంటె ఆయన చిట్టా ఎక్కువ ఆలోచన కలిగించినది.

ఆయన 1743లో పారిసు నగరమున న్యాయవాది యింట జన్మించెను. తానును న్యాయశాస్త్రమే చదివెను. ఆ నగరపు వీధులలో దీపముల నేర్పాటు చేయు పద్ధతిని గూర్చి వ్రాసిన వ్యాసమునకు 1766లో రాజుగారి బంగారు పతకమును పొందెను. 1768లో రెండు ద్వారములు ఒక్కసారిగా తెరవబడినవి. శాస్త్ర పరిషత్తులో సభ్యత్వము లభించెను. పన్నుల ఇజారా సంఘములో వాటా కొనెను.

ఈ ఇజారా సంగతి కొంత వివరింపవలెను. ఫ్రాన్సు రాజు ఉప్పు, పొగాకు, సుంకములు మొదలైన వానిపై పన్నులను తాను వసూలు చేయక ఒక సంఘమునకు ఆరేండ్ల గడువున గుత్త కిచ్చుచుండెను. కట్టవలసిన మొత్తము కట్టిన పిమ్మట మిగిలినది ఇజారాదారులది. కొన్ని మండలములలో ప్రతి కుటుంబమును నిర్ణీతమైన ఉప్పును సంఘము చెప్పిన వెలకు కొని తీరవలెను. ఒక మండలమున ఉన్న వెలకు ప్రక్క మండలపు వెల అనేక రెట్లు. దొంగతనముగా ఉప్పు తెచ్చినవానిని కఠినముగా శిక్షించుచుండిరి. 1930లో మన సముద్రతీరమున ఉప్పు వండి చెరసాలలకు పోయిన వారి కథలు వినిన మనకు ఆ ప్రజల కడుపుమంట వేరుగా చెప్పనక్కరలేదు.

లావోయిజరు ఆ సంఘములో సోమరియై లాభము పంచుకొనినవాడు కాడు. పొగాకులో బూడిద కలిపి అమ్ము వర్తకులను పట్టుటకు ఒక ఉపాయము కనిపెట్టెను. పొగాకుపై ఆమ్లము పోసినచో, బూడిద ఉన్నయెడల అది పొంగి బుడగలు కట్టును. పొగాకును తడుపుట అవసరమే యైనను, తూకము పెరుగుటకై మితిమీరి నీరు కలుపుట మోసమని సంఘమునకు హెచ్చరించెను. ఈ నీటి సంగతి పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక.

ఆయన చేసిన మరియొక సూచన పారిసు చుట్టును గోడ కట్టుట. సుంకము చెల్లింపక సరకులు నగరము చొచ్చుచున్నందున వచ్చు నష్టమును లెక్కగట్టి ఆయన ఈ ఉపాయము చెప్పెను. అంకెలు సరియైనవే. కాని గోడవలన సరకులకు ఎక్కువ వెల ఇచ్చుకొను పేదవాని కోపము ఆ అంకెలలో ఏ పద్దున వ్రాయబడినది? 1789 జూలైలో జనులు మొదట తగులబెట్టినవి ఆ గోడ యొద్ద సుంకపు ఠాణాలే. గోడ నగరమునకు గాలి రాకుండ చేసినదని మారా అను పత్రికాకర్త నిందించెను. గాలి స్వరూపమును లోకమునకు తెలిపినవానిపై గాలి నాపెనను నేరము!

ఆయన చేతులలో ప్రజలకు నిజమైన ఉపకారము జరిగిన పనులు వేరుగా ఉన్నవి. 1775లో తుపాకిమందు తయారీపై పర్యవేక్షకులలో ఒకడుగా నియమింపబడెను. అంతకు పూర్వము సురేకారము కొరకు అధికారులు గృహస్థుల ఇండ్లలో జొరబడి నేల త్రవ్వుచుండిరి. కొత్త ఏర్పాటులో ఆ బాధ తగ్గింపబడినది, సరకు నాణ్యమును పెరిగినది. 1788లో కొత్త మందును పరీక్షించునప్పుడు అది పేలి ఇరువురు మరణించిరి. లావోయిజరును ఆయన భార్యయు కొద్దిలో తప్పించుకొనిరి. మరుసటి ఆగస్టులో నాసిరకపు మందును పడవలో బయటికి పంపి దాని స్థానమున మేలైనది తెప్పించు ప్రయత్నమును జనులు ద్రోహమని భావించిరి. నాడు ఆయన ప్రాణములు దక్కుటయే గొప్ప.

1778లో బ్లువా పట్టణ ప్రాంతమున భూమి కొని, ఏ చేను ఎంత ఎరువు తినెను, ఎంత పండెను అని మడిమడికి లెక్క వ్రాసి వ్యవసాయము చేయించెను. సుమారు పదేండ్లలో గోధుమ దిగుబడి ఇంచుమించు రెట్టింపైనది. పెట్టిన సొమ్ము తిరిగి వచ్చుటకు చిరకాలము పట్టుననియు, పన్నులతో క్రుంగిన రైతునకు అంతటి ఓపిక గాని పెట్టుబడి గాని లేదనియు ఆ లెక్కలే ఆయనకు తెలియజేసినవి. పన్నులు వసూలు చేయు సంఘములోనివాడే ఇట్లనుట నాకు మిక్కిలి విలువైన మాటగా తోచినది. 1787లో ఓర్లియాను మండల సభలో వెట్టిచాకిరి రద్దు కావలెననియు, వృద్ధులకు భృతి నిచ్చు నిధి కావలెననియు ప్రతిపాదించెను. 1788లో ధాన్యపు కరవు వచ్చినప్పుడు బ్లువా పట్టణమునకు 50,000 లీవ్రులు, రొమొరాంతేను అను ఊరికి 6,000 లీవ్రులు సొంత సొమ్ము వడ్డీ లేక అప్పిచ్చెను.

విప్లవము వచ్చిన పిమ్మట తూనికలు కొలతల సంస్కరణ సంఘమునకు ధనాధికారిగ నుండి, కొత్త తూనికకు ఆధారముగా నీటి బరువును ఆయుయీ అను పండితునితో కలిసి నిర్ణయించెను. 1956 చట్టము పిమ్మట మన అంగళ్ళలో వీశెలు సేర్లు పోయి కిలోగ్రాములు వచ్చినవి. ఆ వంశమునకు మూలపురుషులలో ఆయన యొకడు.

ఇజారా 1791లో రద్దయ్యెను. 1793 నవంబరులో పూర్వపు ఇజారాదారులను బంధింప ఆజ్ఞ పుట్టగా లావోయిజరు తానే పోయి లొంగిపోయెను. లెక్కలు అప్పగింపుడని వారిని అడిగిరి. వారి పాత కచ్చేరీ భవనమునే చెరసాలగా మార్చి అందే లెక్కలు వ్రాయించిరి. అంతటి నిర్బంధములోను లెక్కలు పూర్తి చేసి ఇచ్చిరి. ప్రభుత్వము వారు 13 కోట్లు బాకీ యనిరి. విచారణలో మోపబడిన నేరములలో పొగాకులో నీరు కలుపుటయు నొకటి! వలదని వ్రాసినవాని చేవ్రాలే ఆ కట్టలలో ఉన్నది, చూచువారు లేరు. 1794 మే 8న విచారించి, ఆ సాయంకాలమే 28 మంది శిరస్సులు ఖండించిరి. ఆయన మామగారు మూడవవాడు, ఆయన నాలుగవవాడు. వయస్సు 50 ఏండ్లు. దేశమునకు పండితుల అవసరము లేదని న్యాయాధిపతి అనెనను కథ ప్రచారములో ఉన్నది గాని దానికి ఆధారము లేదు.

మరుసటి సంవత్సరమే ప్రభుత్వము ఆయన నిర్దోషి యని ఒప్పుకొని, జప్తు చేసిన పుస్తకములను, పరికరములను భార్యకు తిరిగి ఇచ్చెను. ఆమె ఆయన చివరి వ్రాతలను అచ్చు వేయించెను. 1806లో ఇజారా లెక్కలు మరల సరిచూడబడినవి. 13 కోట్ల బాకీ లేదు సరికదా, ప్రభుత్వమే ఇజారాదారులకు 80 లక్షలు ఈయవలసి యున్నట్లు తేలినది.